మడి తవ్వింది నేను కాదని మనవి

వెస్ట్ హార్లా, నార్తంబర్లాండ్,
అక్టోబరు 9.

అప్పీళ్ల ట్రిబ్యునల్ అధ్యక్షులవారి సముఖమునకు,

వెస్ట్ హార్లా, కాలియరీ వీధి, పద్నాలుగో నంబరు ఇంటి కాపురస్థుడు, మాజీ బస్సు డిపో మెకానిక్, క్లిఫర్డ్ హెస్లప్ (వయస్సు 59) వ్రాయించుకొను అర్జీ.

విషయం: వికలాంగుల భత్యం రద్దు – ఈ నెల 23వ తేదీన జరుగు విచారణ – అందు నిమిత్తం ముందస్తు వాంగ్మూలం – లీక్ ఉల్లి ప్రదర్శనలో రెండవ బహుమతి గురించి నిజం వెల్లడించుట.

సూచిక: భత్యాలు చూసే శాఖ వారి నివేదిక, పదకొండు పేజీలు. అందులో నమ్మదగినది నా పేరు ఒక్కటే. ఇంటి నంబరు కూడా తప్పు.

అయ్యా,

పైన పేర్కొన్న అర్జీదారు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

ఈ వాంగ్మూలం ఒక్క పేజీ దాటకూడదనీ, ఇందులో తిట్లు ఉండకూడదనీ, ఎత్తిపొడుపులు అసలే ఉండకూడదనీ మిస్ కోరిగన్ గారు మూడు నియమాలు పెట్టారు. ఆమె మా గ్రంథాలయం మేడ మీద సలహా కేంద్రం నడుపుతారు, నాలాంటి వాళ్ళను విచారణకు తయారుచేస్తారు. పేజీ నియమం ఇప్పటికే చెయ్యి జారేలా ఉంది. తిట్ల విషయంలో నా వంతు ప్రయత్నం చేస్తాను. మూడో నియమానికి మాత్రం మాట ఇవ్వలేను. శాఖ వారి నివేదిక చదివినవాడెవడూ ఇవ్వలేడు.

నా వేళ్ళలో కలం నిలవదు కనుక నేను చెప్పుచుండగా నా భార్య లోరెయిన్ వ్రాయుచున్నది. మాటలు నావి, దస్తూరి ఆమెది. కొన్ని మాటలు రాయనని మొండికేసింది. అవి తమ ఊహకు వదిలేస్తున్నాను.

1. అర్జీదారు ఇరవై ఆరేళ్ళు బస్సుల కింద వెల్లకిలా పడుకుని పనిచేసినవాడు. నలభై ఆరో ఏట కీళ్ళవాతం పట్టుకొన్నది. మొదట వేళ్ళు, తరువాత మణికట్లు, ఆపై మోకాళ్ళు, ఇప్పుడు మెడ. ప్రస్తుతం అర్జీదారు గుండీ పెట్టుకోలేడు, సీసా మూత తిప్పలేడు, పళ్ళెంలో మాంసం ముక్క కోసుకోలేడు, స్నానపు తొట్టిలోకి దిగలేడు, దిగితే లేవలేడు. మరుగుదొడ్డి సంగతి కూడా వ్రాయవలెనని మిస్ కోరిగన్ గారు పట్టుబట్టారు. ఆ పనికీ మనిషి కావాలి. వ్రాసితిని. ఒకసారి చదివారు కదా, చాలు.

ఆ మనిషి లోరెయిన్. నన్ను చూసుకోవడానికి హోటల్ లాండ్రీలో పని మానుకుంది. జనవరిలో నా భత్యం ఆగింది. దాంతోపాటు నన్ను చూసుకుంటున్నందుకు ఆమెకు వచ్చేదీ ఆగింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదానితో నెట్టుకొచ్చాం, ఈ నెలతో అదీ సరి. నవంబరు ఒకటి నుంచి రమ్మని లాండ్రీ వారు కబురు పెట్టారు, పొద్దున ఏడింటి నుంచి నాలుగింటి దాకా. తమరు నా అప్పీలు కొట్టేస్తే ఆమె వెళ్తుంది. ఆ తొమ్మిది గంటలూ నేను కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ళ మధ్య మరుగుదొడ్డి పనికి ఒక సీసాతో కూర్చుంటాను. మూత ముందే తీసి ఇచ్చి వెళ్తానంది. ఈ విషయం భార్యాభర్తలం భోజనాల బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. ఏమేం మాట్లాడుకోవాలో పెళ్ళినాడు ఎవరూ చెప్పరు.

2. గత సంవత్సరం నవంబరు నెలలో శాఖ వారు పని అప్పగించిన ఒక కంపెనీ నుంచి మదింపు చేయు ఉద్యోగిని ఒకామె మా ఇంటికి విచ్చేసిరి. యాభై నిమిషాలు ఉండిరి. మంచి పిల్ల. ఆమెను తిట్టాలని నాకు లేదు. ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని అది అడగమన్నవన్నీ అడిగింది, తల ఎత్తినప్పుడల్లా నవ్వింది. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను, మోకాళ్ళ మీద దుప్పటి, దుప్పటి కింద చేతులు.

దురదృష్టవశాత్తు ఆమె దృష్టి మా టీవీ మీద పడింది.

"ఎంత పెద్ద టీవీనో! భలే ఉందండీ."

"కొన్నది కాదమ్మా, గెలిచింది," అన్నాను.

"నిజంగానా? దేంట్లో?"

"లీక్ ఉల్లిలో. క్లబ్బు ప్రదర్శనలో రెండో బహుమతి."

"మీరే పెంచారా?"

"ఇంకెవరు పెంచుతారు? తవ్వకం దగ్గర్నుంచి తడి పెట్టేదాకా అంతా ఈ చేతులే."

లోరెయిన్ టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి దగ్గింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ దగ్గు అర్థం నాకు బాగా తెలుసు. లెక్కచేయలేదు. పైగా ఎరువు ఏమేం వేశానో, తెల్లటి కాడ ఎంత పొడుగు సాగిందో, వేళ్ళు కడగడానికి ఎంతసేపు పట్టిందో ఏకరువు పెట్టాను. ఏడాది మొత్తంలో అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి మరొకరు లేరు. టకటకా రాసుకుంటూనే ఉంది, పాపం.

3. ఆ మీదట వచ్చిన నివేదికలో శాఖ వారు సెలవిచ్చినది యథాతథముగా: "దరఖాస్తుదారు స్వయంగా మడి తవ్వి, నాటి, తడి పెట్టి ప్రదర్శన స్థాయి కూరగాయలు పండించుచున్నారు. కావున పట్టు, వంగుట, ఎత్తుట యందు ఇబ్బంది లేదు. కావున గుండీలు పెట్టుకొనుట, వంట చేయుట, స్నానము చేయుట స్వయముగా చేసుకొనగలరు."

ఒక్క ఉల్లి కాడను పట్టుకుని మనిషి మనిషినే కట్టి నిలబెట్టారు. ఆ పేజీలో నా పేరు పెట్టుకుని తిరుగుతున్నవాడెవడో గానీ, ఉక్కులాంటి మనిషి. పొద్దున్నే లేచి గబగబా చొక్కా తొడుక్కుని, వంట చేసుకుని, పార భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. వాడంటే నాకు చచ్చేంత అసూయ. వాడికి భత్యం ఇవ్వకపోవడం ముమ్మాటికీ సబబే. భత్యానికి ఎనిమిది పాయింట్లు కావాలి, నాకు రెండు వేశారు. ఆ రెండూ దేనికి వేశారో పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. బహుశా టీకి అయివుంటాయి. పదకొండు పేజీల్లో "చేతులు" అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. చేతులు చూసినట్టు ఒక్కసారి కూడా లేదు.

నేనూ చూపించలేదు. అది ఒప్పుకుంటున్నాను.

4. అర్జీదారు పునఃపరిశీలన కోరగా, శాఖ వారు తమ నిర్ణయాన్ని తామే మరల పరిశీలించి, తమతో తామే ఏకీభవించిరి. తన వంట తానే రుచి చూసుకుని తానే మెచ్చుకున్నట్టు. దీనికి వారికి తొమ్మిది వారాలు పట్టింది.

5. (ఈ అంశం మిస్ కోరిగన్ గారి సలహా మేరకు పూర్తిగా తొలగించబడినది. శాఖ పెద్దలను ఉద్దేశించినది. లోరెయిన్‌కు మాత్రం నచ్చింది.)

6. విచారణకు ముందు సాధన అవసరమని మిస్ కోరిగన్ గారు ఆగస్టులో నన్ను పిలిపించిరి. ఆమె న్యాయమూర్తి, నేను నేనే. ముందు నా అతి చెడ్డ రోజు గురించి చెప్పమంది. చెడ్డ రోజున తలుపు వేసుకోవడం మాకు అమ్మలు నేర్పారు గానీ, దాన్ని పట్నం మోసుకెళ్ళి ముగ్గురు పెద్దమనుషుల ముందు పరవడం ఎవరూ నేర్పలేదు. నసిగాను. ఆమె కాగితాలు తిరగేసింది.

"హెస్లప్ గారూ, ఈ ఉల్లి సంగతి తేలకుండా మనం లోపల అడుగు పెట్టలేం. మడి ఎవరు తవ్వారు?"

"నేనే."

"ఏ చేత్తో?"

"రెండు చేతులా."

ఆమె తన పెన్ను నా ముందుకు దొర్లించింది. "దీని మూత తీయండి."

తీయలేదు. అంటే, తీయడానికి పూనుకున్నాను. ఆమె గడియారం చూడలేదు, కిటికీలోంచి చూడలేదు, సాయానికీ రాలేదు. నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది. పళ్ళతో లాగుదామనుకున్నాను గానీ, పరాయి మనిషి పెన్ను.

"మళ్ళీ అడుగుతున్నా," అంది. "మడి ఎవరు తవ్వారు?"

"నెవిల్," అన్నాను.

ఆ ఒక్క మాటకు ఎంత ఖరీదో తమకు తెలియాలంటే మా క్లబ్బు సంగతి తెలియాలి. తమరు ఇంగ్లండు దక్షిణాదివారైతే లీక్ ఉల్లి అంటే సూపులో వేసే సన్న కాడ అనుకుంటారు. మా దగ్గర అది మోచెయ్యి లావు ఉంటుంది. ఒక్కొక్కడు ఏడాది పొడుగునా దానికి పక్క వేసి, పాలు పట్టి, జ్వరం చూసి పెంచుతాడు. ఎరువులో ఏం కలుపుతాడో పెళ్ళానికి కూడా చెప్పడు. గెలిచినవాళ్ళ పేర్లు క్లబ్బు గోడ మీద బోర్డుకు బంగారు రంగుతో ఎక్కుతాయి. మా తాతది ఉంది, మా నాన్నది మూడుచోట్ల ఉంది. ఈ ఊళ్ళో బొగ్గు గని పోయింది, బస్సు డిపో పోయింది, చర్చిలో తివాచీలు అమ్ముతున్నారు. మనిషి పేరు నిలబడే చోటు ఇంకా ఏదైనా మిగిలిందీ అంటే ఆ బోర్డు ఒక్కటే.

ఆ క్లబ్బు నాలుగో నియమం: పోటీకి పెట్టేవాడు తన మడి తానే తవ్వాలి, తానే నాటాలి, తానే తడి పెట్టాలి. ఇంకొకడి చెయ్యి పడినట్టు తేలితే చేయించుకున్నవాణ్ణీ చేసినవాణ్ణీ ఇద్దరినీ జన్మలో క్లబ్బు గడప తొక్కనివ్వరు. ఇద్దరి పేర్లూ బోర్డు మీంచి తుడిచేస్తారు. ఎవడూ మోసం చేయకుండా ప్రదర్శనకు మూడు వారాల ముందు కమిటీ వారు మడి మడికీ తిరిగి ప్రతి కాడ మీదా ముద్ర వేస్తారు. ముద్ర లేనిదాన్ని బల్ల మీద పెట్టనివ్వరు. శాఖ వారి మదింపు కంటే గట్టి పద్ధతి. వంగి చూస్తారు, వేలు పెట్టి చూస్తారు.

నెవిల్ ప్రౌడ్‌లాక్ నాతోపాటు ఇరవై ఆరేళ్ళూ అవే బస్సుల కింద పడుకున్నవాడు. అతని మడి నా మడి పక్కదే. మూడున్నరేళ్ళ కిందట ఒక మార్చి నెలలో నేను పార పట్టుకుని, అది జారిపోతే మళ్ళీ పట్టుకుని, అలా గంటసేపు నిలబడటం కంచె అవతల నుంచి చూశాడు. మర్నాడు లోరెయిన్ నన్ను చక్రాల కుర్చీలో తోసుకెళ్ళేసరికి మడి తవ్వి ఉంది. అప్పట్నుంచి మూడు ప్రదర్శనలకు నెవిలే తవ్వాడు, నెవిలే నాటాడు, నెవిలే తడి పెట్టాడు, అదీ వీధి లేవకముందే. నేను కుర్చీలో కూర్చుని ఎరువు పాళ్ళు చెప్పేవాణ్ణి, అతని నాటు బాగాలేదని తిట్టేవాణ్ణి. కమిటీ వారు వచ్చే రోజున మాత్రం మడి పక్కన నీళ్ళ పైపు ఒళ్ళో పట్టుకుని, ఇప్పుడే పని ముగించినవాడిలా కూర్చునేవాణ్ణి.

పోయిన ఏడు నాకు రెండో బహుమతి వచ్చింది, నెవిల్‌కు నాలుగోది. నా మడికి పెట్టిన నడుం తన మడికి పెట్టుకుని ఉంటే ఆ టీవీ వాళ్ళింట్లో ఉండేది. అతను ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరం ఎత్తకపోవడం ఒకటే రకం కాదని తమరికి వేరే చెప్పనక్కరలేదు.

7. కావున అర్జీదారు సదరు నెవిల్ ప్రౌడ్‌లాక్‌ను అతని మడి దగ్గర పాకలో కలుసుకొని విషయం తెలియజేయడమైనది.

"విచారణలో నీ పేరు చెప్పాలిరా," అన్నాను.

కెటిల్ పొయ్యి మీద పెడుతున్నవాడు ఆగాడు. "చెప్పకపోతే కుదరదా?"

"కుదరదట."

"ఆ పిల్ల ముందు గొప్పలు పోకపోతే నీ సొమ్మేం పోయేదిరా క్లిఫ్? అంతా ఈ చేతులే అన్నావా? ఈ చేతులే! నీ చేతులతో నువ్వు ముక్కు చీదుకోలేవు!"

"తెలుసు."

"నా పేరు నాలుగుసార్లుందిరా బోర్డు మీద."

"తెలుసు."

"ఈసారి నా ఉల్లి చూశావా? చూడు ఒకసారి. నా జన్మలో ఇంత లావు రాలేదు. ఊళ్ళో ఎవడికీ రాలేదు."

చూశాను. రాలేదు, నిజమే. మోచెయ్యి కాదు, పిక్కంత ఉన్నాయి. మా నాన్న చూసి ఉంటే టోపీ తీసి ఉండేవాడు. నెవిల్ టీ కాచాడు. నాకు రెండు చెవుల కప్పు ఒకటి ఆ పాకలో విడిగా ఉంటుంది. అందులో పోసి, చేతుల మధ్య పెట్టి, జారకుండా కాసేపు తనూ పట్టుకున్నాడు.

"విచారణ ఏ రోజన్నావ్?" అన్నాడు చివరికి.

"అక్టోబరులో. ఇరవై మూడు."

"మెట్లున్నాయా అక్కడ?"

"ఏమో."

"ఉంటాయి. వికలాంగుల్ని పిలిచే చోట ఎప్పుడూ ఉంటాయి. నేనూ వస్తా. ఏం తవ్వానో ఎప్పుడు తవ్వానో అడిగితే చెప్తా. అడక్కపోయినా చెప్తా."

(ఇక్కడ లోరెయిన్ కలం కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. పంపు తిప్పిన చప్పుడైంది. తిరిగొచ్చి మళ్ళీ రాస్తోంది.)

8. తమ ముందు చెప్పబోయే మాట క్లబ్బుకు వేరొకరి నోట తెలియరాదని, ముద్రలు వేయు వారమునకు ముందుగానే అర్జీదారు ఒక శుక్రవారం నాడు స్వయముగా కమిటీ ముందు హాజరైనాడు. అధ్యక్షుడు ఆర్నల్డ్ చార్ల్టన్, ఎనభై ఒక్క ఏళ్ళవాడు, గనిలో పనిచేసి ఊపిరితిత్తులు సగం అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. పక్కన ఇంకో ఇద్దరు ముసలాళ్ళు. నెవిల్ నన్ను లోపలికి తోసి, టోపీ చేత పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

తిడతారని సిద్ధపడి వెళ్ళాను. ఎదురు తిట్టడానికి నాలుగు మాటలు కూడబెట్టుకున్నాను కూడా. నేను మొత్తం చెప్పడం అయ్యాక ఆర్నల్డ్ మెల్లగా దగ్గి, "తెలుసు క్లిఫ్," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నెవిల్ తవ్వాడని."

"ఎప్పట్నుంచి?"

"మొదటేడు నుంచే. ముద్ర వేయడానికి వచ్చాం కదా. పైపు పట్టుకుని కూర్చున్నావు. నేల పొడిగా ఉంది, పైపు పొడిగా ఉంది. కుళాయి విప్పి లేదు. అది బిగుసుకుపోయిన కుళాయి, నువ్వు విప్పలేవని మాకు తెలియదా ఏంటి?"

"మరి ముద్ర ఎందుకు వేశారు?"

ఆర్నల్డ్ పక్కవాళ్ళ వంక చూశాడు. "వేయొద్దా?" అన్నాడు.

అయ్యా, ఆ క్షణాన నాకు కలిగినది కృతజ్ఞత అని వ్రాస్తే అర్జీకి అందంగా ఉంటుందని మిస్ కోరిగన్ గారు అన్నారు. కృతజ్ఞత కాదు. ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు ఊరి కళ్ళలో దుమ్ము కొట్టానని మీసం మెలేశాను. నా కళ్ళలో నేను తప్ప ఎవరి కళ్ళలోనూ కొట్టలేదు. ఊరంతా దారి తొలగి, మొహం తిప్పుకుని, నన్ను గెలవనిచ్చింది. ఆ బహుమతి ఇచ్చే రోజున అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఎవరికి కొట్టారో ఇప్పుడు అర్థమైంది. నెవిల్‌కి కొట్టారు.

"ఇన్నాళ్ళూ ఎవరూ పైకి అనలేదు కాబట్టి మాకు తెలియనట్టే," అన్నాడు ఆర్నల్డ్. "ఇప్పుడు నువ్వు అన్నావు. కాయితం మీద కూడా పెడతావా?"

"పెట్టాలి. పెట్టకపోతే లోరెయిన్ లాండ్రీకి వెళ్ళాలి."

"అయితే నాలుగో నియమం ఉంది మరి."

"ఉంది."

"ఉందని తెలిసే వచ్చావు కదరా."

"తెలిసే వచ్చాను."

పుస్తకం తెరిచి ఇద్దరి పేర్లూ కొట్టేశాడు. కొట్టేశాక కాగితం మీద అద్దుడు కాగితం పెట్టి, సిరా అలుక్కోకుండా చాలాసేపు నొక్కి పట్టుకున్నాడు. సోమవారం రంగులవాడు వచ్చి బోర్డు మీద నా పేరు ఒకచోట, నెవిల్ పేరు నాలుగుచోట్ల నల్లరంగు పూశాడు. మా నాన్న పేరు, తాత పేరు అలాగే ఉన్నాయి. నెవిల్ ఉల్లికి ముద్ర పడలేదు. ఈ ఊరు చూసిన అతి పెద్ద లీక్ ఉల్లిని సెప్టెంబరులో అతని భార్య తరిగి సూపు కాచింది. మాకూ ఒక గిన్నె పంపింది. తాగాను. బాగుందని చెప్పి పంపాను.

9. ఈ సందర్భముగా అర్జీదారు తమ దృష్టికి తేదలచిన ఒక పోలిక. వైద్యం చదివినవారు, కంప్యూటరు, యాభై నిమిషాల సమయం, పదకొండు పేజీలు: ఇవి శాఖ వారి వద్ద ఉన్నవి. ఒక రబ్బరు ముద్ర, ఒక సిరా డబ్బా, పది నిమిషాల సమయం, ముగ్గురికీ కలిపి ఒకటిన్నర ఊపిరితిత్తి: ఇవి మా కమిటీ వద్ద ఉన్నవి. ఈ రెంటిలో ఎవరు అర్జీదారును సరిగా మదింపు చేసిరో తమరే నిర్ణయించగలరు. శాఖ వారు సిగ్గుపడవలెనని కోరను. లేనిదాన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటారు?

10. కావున తమరు దయయుంచి,

సదరు లీక్ ఉల్లి నెవిల్ ప్రౌడ్‌లాక్ పండించినదిగా నమోదు చేసుకొని, దాని ఆధారంగా శాఖ వారు సృష్టించిన ఆ ఉక్కుమనిషిని నివేదిక నుంచి తొలగించి, భత్యం పునరుద్ధరించవలెనని ప్రార్థన. లోరెయిన్ ఇంట్లో ఉండాలి. నేను అడిగేది అదొక్కటే. మిగతాదంతా దానికోసమే.

విచారణ రోజున నా చేతులు బల్ల మీద పెడతాను. ఎవరికీ చూపించే అలవాటు లేదు, డాక్టరుకు కూడా సగమే చూపిస్తాను. తమరు ముగ్గురూ చూడండి. ఎంతసేపైనా చూడండి. చూసి "అయ్యో" అని మాత్రం అనకండి. పాయింట్లు వేయండి.

ఇంతకు మించి వ్రాయించడానికి ఏమీ లేదు. ఉన్నదంతా ఇచ్చేశాను, పేరుతో సహా. చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఇలాగే రాయాలని మిస్ కోరిగన్ గారు అన్నారు, నాకేం అభ్యంతరం లేదు, ఇరవై మూడు దాకా),

క్లిఫర్డ్ హెస్లప్

తా.క. అయ్యా, ఇది లోరెయిన్‌ని. ఆయన మందు వేసుకుని కునుకు తీస్తున్నాడు. ఈ నాలుగు ముక్కలూ ఆయనకు చెప్పకుండా రాస్తున్నాను.

ఆ రోజు ఆయన మీ ముందు కూర్చోగానే మీరు మర్యాదకు "ఎలా ఉన్నారు హెస్లప్ గారూ?" అంటారు. అందరూ అంటారు, మీ తప్పు కాదు. కానీ మా వైపు మగాళ్ళకి దానికి ఒకటే జవాబు తెలుసు. "నాకేం, బాగానే ఉన్నాను" అంటాడు. మా నాన్న గనిలోంచి కాలు నుజ్జయి పైకి వచ్చినప్పుడు కూడా అదే అన్నాడు. ఈయన నాతో రోజూ అంటాడు. పొద్దున్నే నేను మేజోళ్ళు తొడుగుతుంటే పళ్ళు బిగబట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, నన్ను చూసి అంటాడు. పదమూడేళ్ళుగా అంటున్నాడు, నేను నమ్మినట్టే ఉంటున్నాను.

పేరు వదులుకున్నాడు గానీ ఈ మాట వదులుకోలేడు. అడిగితే అనేస్తాడు. దయచేసి, అది మాత్రం రాసుకోకండి.